యాసలకు మార్కులు వేసే పని: నా అనుభవం

రకరకాల దేశాలవాళ్ళు మాట్లాడిన ఇంగ్లీష్ రికార్డింగులు విని, అది ఏ ప్రాంతం యాసో గుర్తించి, దానికి మార్కులు వేసే పని ఒకటుందని నాకు 2024 జనవరిలో తెలిసింది. అంతకుముందు ఆడియో విని టైపు చేసే పని ఇంటి నుంచే చేసేదాన్ని. ఇదీ అలాంటిదే అనుకుని దరఖాస్తు పెట్టాను. సెప్టెంబర్‌లో ఆ విడత ముగిసింది. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు "అసలు అందులో ఏం చేయిస్తారు, చేరమంటారా?" అని అడిగారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ప్రాజెక్టు పేరు మాత్రం చెప్పను, చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు.

దరఖాస్తులో చదువు గురించి ఒక్క ప్రశ్నే ఉంది. మిగతావన్నీ భాషల గురించే. మాతృభాష ఏది, చిన్నప్పుడు ఇంట్లో ఇంకేం వినబడేవి, ఇంగ్లీష్ ఎన్నో ఏట మొదలైంది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశంలో ఎప్పుడైనా నెలల తరబడి ఉన్నారా, రోజూ వినే ఇంగ్లీష్ కార్యక్రమాలు ఏ దేశానివి. ఇవన్నీ ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఏదో ఒకటి నింపేద్దామని అనిపించే ఫారం అది. అలా నింపకపోవడమే మంచిదైంది, ఎందుకంటే తర్వాత నాకు ఏ క్లిప్పులు ఇవ్వాలో, ఏవి ఇవ్వకూడదో ఆ జవాబులను బట్టే తేల్చారు.

వారం తిరక్కుండానే వినికిడి పరీక్ష లింకు వచ్చింది. మూడు శబ్దాలు వినిపించి, వాటిలో అన్నిటికన్నా మెల్లగా ఉన్నది ఏదో నొక్కమంటారు. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఇందులో ఒక కిటుకుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే జవాబు సులువుగా తెలిసిపోతుంది. స్పీకర్లలో వింటే ఎడమ, కుడి శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని తప్పు జవాబు సరైనదిలా వినబడుతుంది. అంటే అది మన చెవులకు పెట్టిన పరీక్ష కాదు, మనం నిజంగా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నామా లేదా అని చూసే పరీక్ష. బ్లూటూత్‌వి పనికిరావన్నారు, శబ్దాన్ని కుదించి పంపుతాయట. వైరున్నవి, చెవి మొత్తం కప్పేవి కొనాల్సి వచ్చింది. పని మొదలుకాకముందే పెట్టిన ఖర్చు అదొక్కటే. అయితే మొదటి నెల సంపాదనలో చెప్పుకోదగ్గ భాగం దానికే పోయింది.

అసలు అర్హత పరీక్ష ఫిబ్రవరి మొదట్లో. కొన్ని క్లిప్పులు ఇచ్చి, విన్నది విన్నట్టు టైపు చేయమన్నారు. ఫ్రెంచ్ ఆయన, స్పానిష్ ఆవిడ, ఒక జపాన్ విద్యార్థి, అందరూ బాగానే అర్థమయ్యారు. విదేశీ యాసలే, అంటే ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళ యాసలే, కష్టమనుకుని భయపడుతూ కూర్చున్న నాకు ధైర్యం వచ్చింది. తర్వాతి క్లిప్ స్కాట్లాండ్‌లోని గ్లాస్గో కుర్రాడిది. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే మాట్లాడుతున్నవాడు. మొదటి వాక్యంలో నాకు 'అండ్' తప్ప ఇంకేమీ అందలేదు. మాట మధ్యలో రావాల్సిన 'ట' చోట గొంతు టక్కున మూసుకుపోతుంది. 'పుల్', 'పూల్' రెండూ ఒకేలా ఉంటాయి. ర మాత్రం మన ర లాగే ఖణీమని పలుకుతుంది.

వేగం తగ్గించి వినే సౌకర్యం ఇచ్చారు. అందరూ ముందు దాన్నే నొక్కుతారు. నా సలహా అడిగితే ఆ బటన్ జోలికి పోవద్దంటాను. నెమ్మది చేస్తే ఆ గొంతు ఆపుడు పెద్ద ఖాళీగా మారి, ఒక మాట రెండు ముక్కలై ఇంకా గందరగోళం అవుతుంది. పనికొచ్చింది వేరే. ఏమీ టైపు చేయకుండా, మామూలు వేగంలో, మొదటి నిమిషం ఊరికే వినడం. రెండోసారి మళ్ళీ మొదటి నుంచి పెడితే అదే కుర్రాడు సగం అర్థమయ్యాడు. ఇది నా ఒక్కదాని అదృష్టం కాదని శిక్షణలో తెలిసింది. కొత్త యాసకు చెవి సర్దుకోవడానికి ఒక నిమిషం లోపే చాలని క్లార్క్, గ్యారెట్ అనే పరిశోధకులు 2004లో చూపించారు. వాళ్ళు ప్రయోగం చేసింది విదేశీ యాసల మీద. నాకు మాత్రం స్కాట్లాండ్ దగ్గరే అది ఎక్కువ అక్కరకొచ్చింది.

పరీక్ష రాశాక దాదాపు మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. మెయిల్ చూడటం, మూయడం, ఇదే పని. రాలేదేమో అని వేరే టైపింగ్ పని ఒప్పుకున్నాక, మార్చి మొదటి వారంలో జవాబొచ్చింది. షరతులతో తీసుకుంటున్నామని, బ్రిటిష్ ప్రాంతీయ యాసల్లో అదనపు శిక్షణ తీసుకోవాలని. శిక్షణకు డబ్బులివ్వరు. దాదాపు నెల పట్టింది. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగండి.

శిక్షణంతా ఒకే ఒక్క పేరాతో. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీవాళ్ళు యాసల రికార్డింగులను ఏళ్ళ తరబడి పోగుచేసి అందరికీ ఉచితంగా వినిపిస్తున్నారు. ప్రపంచం నలుమూలల నుంచి వేల మంది ఒకే పేరా చదువుతారు. 'ప్లీజ్ కాల్ స్టెల్లా' అని మొదలయ్యే 69 మాటలు. స్టెల్లాకి ఫోన్ చేసి, షాపు నుంచి ఫలానా ఫలానావి తెమ్మను అన్నంత సాదా సంగతి. ఇంగ్లీష్‌లో ఉన్న శబ్దాలు దాదాపు అన్నీ అందులోనే ఇమిడిపోయేలా రాశారు. మా ప్రాజెక్టులోనూ ప్రతి మనిషీ ముందు ఈ పేరా చదివి, తర్వాత రెండు మూడు నిమిషాలు తనకు తోచింది మాట్లాడతాడు. ఆ నెలంతా ఇంట్లో స్టెల్లా మోతే. మా అమ్మాయి గదిలోకి తొంగిచూసి, "అమ్మా, స్టెల్లా ఇంకా ఫోన్ ఎత్తలేదా?" అనేది.

మొదట్లో విసుగనిపించింది కానీ, పది మంది చదివింది విన్నాక ఆ పేరా పనితనం తెలిసింది. రెండో వాక్యం 'ఆస్క్' అనే మాటతో మొదలవుతుంది. దక్షిణ ఇంగ్లండ్ వాళ్ళయితే 'ఆ' అని దీర్ఘం తీస్తారు. ఉత్తర ఇంగ్లండ్ వాళ్ళు పొట్టిగా తేల్చేస్తారు. అదే వాక్యంలో 'స్టోర్' వస్తుంది. చివర్లో ర వినబడితే అమెరికా, కెనడా, స్కాట్లాండ్, ఐర్లండ్ వైపు వెతకాలి. వినబడకపోతే ఇంగ్లండ్‌లో ఎక్కువ భాగం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఇంగ్లండ్‌లోనే నైరుతి మూల పల్లెల్లో మాత్రం ర ఇంకా బతికే ఉంది, దానితో నేను చాలాసార్లు తికమకపడ్డాను. తర్వాత 'బ్రదర్'. ఉత్తర ఇంగ్లండ్ మనిషి దాన్ని 'బ్రుదర్'కి దగ్గరగా అంటాడు. లండన్‌లో కొందరు 'బ్రవ్వర్' అంటారు. లివర్‌పూల్ మనిషి 'స్నాక్', 'స్నేక్' లాంటి మాటల చివర క ని గొంతులో గీరి వదులుతాడు. 'ఫైవ్' అన్నప్పుడు 'ఫా...వ్' అని సాగితే అమెరికా దక్షిణ రాష్ట్రాలు గుర్తుకు రావాలి.

విదేశీ యాసలకూ అదే పేరా. స్పానిష్ వాళ్ళకు మాట మొదట్లో స పక్కన ఇంకో హల్లు వస్తే ముందొక ఎ లేకుండా నోరు తిరగదు. అందుకని 'ఎస్టెల్లా', 'ఎస్పూన్స్', 'ఎస్టేషన్'. జర్మన్ వాళ్ళ నోట చివరి హల్లు గట్టిపడి 'బ్యాగ్స్' కాస్తా 'బ్యాక్స్' అవుతుంది. అరబ్బీ మాతృభాషగా ఉన్నవాళ్ళలో చాలామందికి 'ప్లాస్టిక్' లోని ప బ అయిపోతుంది, వాళ్ళ భాషలో ప లేదు కాబట్టి. ఫ్రెంచ్ వాళ్ళు 'హర్' లో హ ని మింగేస్తారు. మనవాళ్ళలో 'వెన్స్‌డే' అనాల్సినదాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని 'వెడ్‌నెస్‌డే' అనేవాళ్ళు ఇంకా కనబడుతూనే ఉంటారు.

అచ్చుల కోసం ఇంకో పట్టిక ఇచ్చారు. జాన్ వెల్స్ అనే బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త 1982లో తయారుచేసిన 24 నమూనా మాటలు. కిట్, డ్రెస్, ట్రాప్, బాత్, స్ట్రట్, ఫుట్... ఇలా. ఒక్కో మాట ఒక్కో అచ్చు కుటుంబానికి పేరన్నమాట. మనిషి మాట్లాడుతుంటే ఏ కుటుంబం దేనితో కలిసిపోయిందో చూడాలి. స్ట్రట్, ఫుట్ ఒకటైపోతే ఉత్తర ఇంగ్లండ్. ఈ పట్టిక కంఠస్థం చేయడానికి వారం పట్టింది, కానీ తర్వాత రోజూ అన్నం పెట్టింది అదే.

ఇంకో చిన్న వింత. మాకిచ్చే క్లిప్పుల్లో పేరు, ఫోటో, ఊరు ఏవీ ఉండవు, ఫైలు పేరు కూడా అర్థం లేని అంకెలే. డోనల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు 1992లో చేసిన ప్రయోగం గురించి చెప్పి దానికి కారణం వివరించారు. ఒకే గొంతుతో రికార్డు చేసిన పాఠాన్ని విద్యార్థులకు వినిపిస్తూ, కొందరికి తెల్లజాతి టీచర్ ఫోటో, ఇంకొందరికి ఆసియా టీచర్ ఫోటో చూపించారు. గొంతు ఒక్కటే అయినా, ఆసియా ముఖం చూసినవాళ్ళకు పాఠం సరిగ్గా ఎక్కలేదు. కళ్ళు మూసుకుని వినండి అని మా కోఆర్డినేటర్ ఊరికే అనలేదని అప్పుడు అర్థమైంది.

అసలు పని ఏప్రిల్‌లో మొదలైంది. ఒక్కో క్లిప్‌కి నాలుగు పనులు. ఒకటి, టైపు చేయడం. రెండు, ప్రాంతం గుర్తించడం. మూడు, యాస ఎంత గట్టిగా ఉందో ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కు. నాలుగు, అర్థం చేసుకోవడానికి ఎంత శ్రమ పడ్డారో విడిగా ఇంకో మార్కు. చివరి రెండూ ఒకటే కదా అని చాలామంది అడిగారు. కావు. మన్రో, డెర్వింగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లోనే ఈ రెంటినీ విడదీసి చూపించారు. యాస చాలా గట్టిగా ఉందని మార్కులేసిన వాళ్ళే, అదే మాటను పొల్లు పోకుండా రాసేశారు. నా అనుభవమూ అంతే. ఒక రష్యన్ పెద్దాయనకు యాసలో ఎనిమిది వేశాను, శ్రమలో ఒకటి. ఇంగ్లండ్‌కే చెందిన ఒకావిడకు యాసలో ఐదు, శ్రమలో ఏడు. ఆవిడ మాటలు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని, ఎక్కడ ఏది ఆగిందో తెలిసేది కాదు.

డబ్బు ఆడియో నిమిషాల లెక్కన ఇస్తారు, మనం కూర్చున్న గంటల లెక్కన కాదు. మామూలు టైపింగ్‌లోనే గంట స్పష్టమైన ఆడియోకి నాలుగు గంటలు పడుతుందని ఈ రంగంలో ఒక అంచనా ఉంది. ఇక్కడ మార్కులూ, ప్రాంతాలూ కలిపి దానికి రెట్టింపు. కష్టమైన యాసకు ఎక్కువ ఇస్తారా అంటే ఇవ్వరు. తేలిక క్లిప్పులు ఏరుకోవడానికి వీల్లేదు, వరసలో ఏదొస్తే అదే. మొదటి నెల లెక్క చూసుకున్నాక ఇది పొట్ట నింపే పని కాదని తేలిపోయింది. అయినా వదల్లేదు, అప్పటికే దాని మీద మోజు పుట్టింది. ఇంకో సంగతి, ఏకబిగిన ముప్పావుగంట దాటి వింటే చెవి మొద్దుబారుతుంది. అన్ని యాసలూ ఒకేలా వినబడతాయి, అందరికీ ఐదు వేసేయాలనిపిస్తుంది. మే నెలంతా పొద్దున ఓ విడత, సాయంత్రం ఓ విడతగా చేశాను.

మనం వేసినవి ఒక రివ్యూయర్ చూస్తారు. కాదంటే ఆ క్లిప్‌కి డబ్బు రాదు, మనం అప్పీలు చేసుకోవచ్చు. మేలో నాకొకటి అలా వచ్చింది. నేను న్యూజిలాండ్ అని రాసినదాన్ని రివ్యూయర్ ఆస్ట్రేలియా అని దిద్దారు. ఈ రెండూ బయటివాళ్ళకు ఒకేలా ఉంటాయి, కానీ స్టెల్లా పేరాలో దొరికిపోతాయి. ఆ క్లిప్‌ని మళ్ళీ పెట్టుకుని విన్నాను. 'సిక్స్' అనాల్సిన చోట ఆమె 'సక్స్'కి దగ్గరగా అంది. ఆస్ట్రేలియా మనిషయితే అది 'సీక్స్' వైపు జరగాలి. 'ఫ్రెష్' దగ్గర 'ఫ్రిష్' వినబడింది. చివర్లో మూడు ఎర్ర సంచులు వస్తాయి కదా, 'త్రీ రెడ్ బ్యాగ్స్', అది 'త్రీ రిడ్ బెగ్స్'. 'కిడ్స్' అయితే 'కడ్స్'. ఏ సెకండు దగ్గర ఏముందో రాసి, వెల్స్ పట్టికలో ఏ కుటుంబం ఎటు జరిగిందో చూపించి అప్పీలు పెట్టాను. పదిరోజులు దాటాక 'ఒప్పుకుంటున్నాం' అని ఒక ముక్క వచ్చింది. వచ్చిన డబ్బు ఆ ఒక్క క్లిప్‌కి ఎంతో అంతే. కానీ ఆ రోజు నేను మామూలు సంబరపడలేదు.

నాకూ వాళ్ళకూ అసలు పేచీ వచ్చింది ఫారం దగ్గర. మార్కులు వేసే పేజీలో రెండు కాలమ్‌లు ఉండేవి. ఎడమ పక్క ప్రాంతీయ లక్షణాలు, కుడి పక్క విదేశీ లక్షణాలు. విన్నదాన్ని ఏదో ఒక వైపు టిక్ పెట్టాలి. జూన్‌లో ఐర్లండ్ క్లిప్పులు వరసగా రావడం మొదలైంది. ఐర్లండ్‌లో చాలామంది 'థిక్', 'థింగ్స్' అనేటప్పుడు నాలుక పళ్ళకు తాకించి అచ్చం మన త లాగే పలుకుతారు. అదే మన తెలుగు మనిషి పళ్ళకు తాకించి అంటే కుడి కాలమ్‌లో పడుతుంది, విదేశీ లక్షణం. ఐర్లండ్ మనిషి అంటే ఎడమ కాలమ్, ప్రాంతీయ లక్షణం. శబ్దం ఒకటే, చెవికి తేడా లేదు.

అక్కడి నుంచి నాకు ఎక్కడ చూసినా ఇవే కనబడసాగాయి. 'స్నో', 'గో' అనే మాటల్లో దక్షిణ ఇంగ్లండ్ వాళ్ళు ఓ ని మొదలుపెట్టి ఇంకో అచ్చులోకి జారిపోతారు. మనం జారం, గుండ్రంగా ఓ అని ఊరుకుంటాం. స్కాట్లాండ్ వాళ్ళూ జారరు, ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లోనూ చాలామంది జారరు. 'ట్రేన్ స్టేషన్' లో ఏ కూడా అంతే. మన 'ట్రేన్' ఎలా ఉంటుందో ఎడిన్‌బరో పెద్దమనిషి 'ట్రేన్' కూడా దాదాపు అలాగే ఉంటుంది. నాలుకను ఒక్కసారి కొట్టి వదిలే ర సంగతి చెప్పనే అక్కర్లేదు. అయితే మన యాసను విదేశీ అనిపించేది ఏమిటి? చాలా క్లిప్పులు పక్కపక్కన పెట్టి విన్నాక నాకు అనిపించింది, అది విడి శబ్దాల కన్నా నడకలో ఎక్కువగా ఉంది. ఐర్లండ్ మనిషైనా, స్కాట్లాండ్ మనిషైనా 'స్టేషన్' లో రెండో భాగాన్ని పలికీ పలకనట్టు నలిపేస్తాడు. మనం ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇచ్చేస్తాం.

ఇవన్నీ రాసి, ఈ రెండు కాలమ్‌లకు అర్థం లేదని, మాట్లాడేవాడెవరో ముందే తెలిస్తే తప్ప టిక్ పెట్టలేమని, పేర్లూ ఫోటోలూ దాచిపెట్టి మళ్ళీ ఇదేమిటని కోఆర్డినేటర్‌కి పొడవాటి మెయిల్ పెట్టాను. రెండు వారాలు సమాధానం లేదు. తర్వాత వీడియో కాల్‌లో ఆవిడ, "మీరు చెప్పింది నిజమే గానీ, మధ్యలో ఫారం మారిస్తే అంతకుముందు వేసిన మార్కులన్నీ పనికిరాకుండా పోతాయి, ఈ విడతకు ఇంతే" అన్నారు. ఆవిడ వైపు నుంచి సబబే. నాకు మాత్రం కోపం తగ్గడానికి కొన్ని రోజులు పట్టింది.

ఆ కాల్‌లోనే ఇంకో వార్త. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళ క్లిప్పులకు ఇక నన్ను మార్కులు వేయనివ్వరట. నేను వాళ్ళందరికీ శ్రమ కాలమ్‌లో ఒకటే వేశాను, టైపింగ్‌లోనూ ఒక్క మాట పోలేదు. మిగతా దేశాల శ్రోతలు అవే క్లిప్పులకు నాలుగూ ఐదూ వేశారు. ఒకే మాతృభాష ఉన్నవాళ్ళ మధ్య ఇంగ్లీష్ సులువుగా అందుతుందని బెంట్, బ్రాడ్లో అనే పరిశోధకులు 2003లో చూపించారని ఆవిడ చెప్పారు. అంటే బాగా అర్థమవుతుంది కాబట్టే నేను పనికిరాను. దరఖాస్తులో మాతృభాష గురించి అన్ని ప్రశ్నలు ఎందుకు అడిగారో అప్పుడు వెలిగింది. చివరకు మిగిలినవన్నీ నాకు కష్టమైన యాసలే.

జూలైలో శ్రోతలందరినీ తమ గొంతు కూడా రికార్డు చేసి పంపమన్నారు. ఇన్నాళ్ళూ ఇతరులకు మార్కులు వేసినప్పుడు లేని టెన్షన్ అప్పుడు మొదలైంది. నోట్లో నీళ్ళు ఎండిపోయాయి. ఫోన్‌లో చేసి పంపితే వెనక్కి కొట్టారు. గదిలో ప్రతిధ్వని ఉందన్నారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుతూ మళ్ళీ చేశాను. ఈసారి పక్క గదిలో ఫ్రిజ్ హోరు పడిందన్నారు. మనకు వినబడని హోరు మైకుకు వినబడుతుంది. ఫ్రిజ్ ప్లగ్ పీకి చేసినది ఒప్పుకున్నారు. పేరా చదివేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంది. తెలియకుండానే ఎవరినో అనుకరిస్తున్నాననిపించి, ఆపి, మామూలుగా మాట్లాడే తీరులో మళ్ళీ మొదలుపెట్టాను. నా మటుకు నాకు అనుకరించి పంపినవాళ్ళ క్లిప్పులే అన్నిటికన్నా చిరాకు. ఒక మాట అమెరికాలో, ఇంకో మాట లండన్‌లో ఉంటుంది.

ఫలితం ఆగస్టు చివర్లో వచ్చింది. యాస గట్టిగానే ఉందన్నారు, శ్రమ తక్కువేనన్నారు. అది ఊహించిందే. ఊహించనిది టైపు చేసినవాళ్ళ కాగితాల్లో ఉంది. నేను చదివిన 'స్నో పీస్' ని, అంటే ఒక రకం బఠాణీలను, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న కొందరు 'స్నో బీస్' అని రాశారు. మంచు తేనెటీగలు! అందులోనూ ఆరు చెంచాలు. థ, ట, వ లాంటి, నేను బెంగపడ్డ శబ్దాల్లో ఎవరూ ఒక్క మాట కూడా పొరబడలేదు. పొరబడింది ప దగ్గర, ఎల్‌కేజీలో నేర్చుకున్న ప దగ్గర.

ఉడుకుమోత్తనం పట్టలేక ప్రాత్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని చూశాను. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీవాళ్ళు తయారుచేసింది. మాటను బొమ్మగా గీసి చూపిస్తుంది. పెదాలు విడిపోయిన క్షణానికీ, గొంతు మోగడం మొదలైన క్షణానికీ మధ్య ఎంత ఎడముందో మిల్లీసెకండ్లలో కొలవచ్చు. నా 'పీస్' లో ఆ ఎడం పదిహేను మిల్లీసెకండ్ల దాకా ఉంది. ఒక లండన్ క్లిప్‌లో దానికి నాలుగింతలు, ఆ మధ్యలో గాలి బుస్సుమని పోయిన చోట బొమ్మంతా బూడిద రంగు. లిస్కర్, ఏబ్రమ్‌సన్ అనే పరిశోధకులు 1964లోనే పదకొండు భాషల్లో దీన్ని కొలిచి తేడాలు చూపించారు. ఇంగ్లీష్‌వాళ్ళ చెవి ఆ గాలిని బట్టే ప ఏదో బ ఏదో తేల్చుకుంటుంది. గాలి లేకపోతే వాళ్ళకు అది బ. పాతకాలం పంతుళ్ళు 'ఫలం' అనేటప్పుడు ఒత్తి పలికే ఫ ఉంది చూశారా, ఇంగ్లీష్ మాట మొదట్లో వచ్చే ప దానికే దగ్గర. చిత్రమేమిటంటే అదే పేరాలో 'స్పూన్స్' ఉంది. స తర్వాత వచ్చే ప లో వాళ్ళూ గాలి వదలరు, లండన్ క్లిప్‌లో 'స్పూన్స్' కొలిచి చూస్తే మన ప కి దగ్గరగానే వచ్చింది. అంటే మన ప వాళ్ళ నోట్లోనూ ఉంది, వాళ్ళు దాన్ని పెట్టే చోటే వేరు.

నేనెక్కడి మనిషినో ఊహించమన్నప్పుడు ఎక్కువమంది ఇండియా అని రాశారు, కొందరు శ్రీలంక అన్నారు. మన దేశం నుంచే ఉన్న ఒక శ్రోత మాత్రం సూటిగా 'తెలుగు' అని రాసి, కారణం కూడా పెట్టారు. తోచింది మాట్లాడే భాగంలో నేను 'ఓన్లీ' ని 'వోన్లీ' అన్నానట, 'ఎవ్రీ' ముందు చిన్న య చేర్చానట. విని చూసుకుంటే నిజమే. మనం ఒ తో మొదలైనదాన్ని వొ అని, ఎ తో మొదలైనదాన్ని యె అని తెలుగులో అనేదే ఇంగ్లీష్‌లోకీ వెళ్ళింది.

సెప్టెంబర్ మధ్యలో పని ఆగింది. చివరి రెండు నెలల డబ్బు రావడానికి మాత్రం నవంబర్ దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. అప్పీళ్ళన్నీ తేలితే గానీ లెక్క కట్టరట. చేరాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది మూడే. వేరే ఆదాయం ఉంటేనే దిగండి. భాషల ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి, ఇంగ్లీష్ సినిమాలు చూడరంటే చూడరని రాయండి. కెనడా, అమెరికా తేడా మొదటి నెలలోనే పట్టేయాలని ఆత్రపడకండి. 'అబౌట్', 'హౌస్' లాంటి మాటలు పడేదాకా ఆగితేనే చాలాసార్లు తేలుతుంది, స్టెల్లా పేరాలో అవి లేవు.

రెండో విడత ఫారం నమూనా జనవరిలో పంపారు. నైజీరియా, కెన్యా, ఘనా యాసలు ఎక్కువగా ఉంటాయట. కాలమ్‌లు రెండూ తీసేసి ఒకటే చేశారు, 'వినబడిన లక్షణాలు' అని. తెలుగు క్లిప్పులు మాత్రం ఈసారీ నాకివ్వరట. వినికిడి పరీక్ష మళ్ళీ మొదటి నుంచి రాయాలన్నారు, రాసేశాను. జవాబు ఇంకా రాలేదు.